నల్లమల అంచుకు నరాల వైద్యం

కాలూ చెయ్యీ పడిపోయినా, మూర్ఛ ఆగకపోయినా, వెన్నుపాము నలిగినా పశ్చిమ ప్రకాశం మనిషి ఊరు దాటాల్సిందే. గుంటూరుకో, ఒంగోలుకో, కర్నూలుకో పరుగెత్తాల్సిందే. బోధనాసుపత్రులు, ఊళ్లలోని సర్కారు దవాఖానాలు ఒకే జట్టుగా పనిచేస్తే ఆ పరుగు చాలావరకు తగ్గుతుంది. అందుకు కావలసిన సాధనాలు ఎక్కువ భాగం ఇప్పటికే మన దగ్గరున్నాయి.

1937లో మద్రాసు నుంచి ఒక వైద్య పరిశోధనా వ్యాసం వెలువడింది. రాసినవారు నలుగురు: హెచ్.ఇ. షార్ట్, జి.ఆర్. మెక్‌రాబర్ట్, టి.డబ్ల్యు. బర్నార్డ్, ఎ.ఎస్. మన్నాడి నాయర్. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త. మెక్‌రాబర్ట్ వైద్యం చెప్పే ఆచార్యుడు. బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసు వైద్య కళాశాల రేడియాలజీ సంస్థ ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. మద్రాసు రాష్ట్రంలోని పల్లెల్లో మనుషుల వెన్నులు కొయ్యబారి, మెడ తిరగక, నడుం వంగిపోతున్న ఒక జబ్బును వాళ్లు వివరించారు. కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో శాస్త్రీయంగా వర్ణించిన తొలి అధ్యయనాల్లో అదొకటి. రోగులు నెల్లూరు జిల్లా వాళ్లు. ఆ జబ్బుకు పేరుపడిన పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లావే.

ఈ నేల జబ్బు లోకానికి తెలిసింది వార్డు, ఎక్స్‌రే గది, ప్రయోగశాల కలిసి పనిచేయడం వల్ల. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఆ పని చేయలేకపోయేది. తొంభై ఏళ్లు కావస్తున్నా మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, ఎర్రగొండపాలెం ప్రాంతాలకు కావలసింది అలాంటి కలయికే. అప్పటిలా రోగులను పరిశీలించి వ్యాసం రాసి వెళ్లిపోతే చాలదు. ఇక్కడే ఉండి, ఏళ్ల తరబడి నిలిచే కలయిక కావాలి.

ఎముక జబ్బు నరాల జబ్బుగా మారితే

ఫ్లోరోసిస్ అంటే గార పట్టిన పళ్లు, వంకర తిరిగిన కాళ్లు అని మన ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది నరాల జబ్బు కూడా అన్న సంగతి చాలామందికి తెలియదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముక మందమవుతుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే మెత్తని బంధాలు కూడా గట్టిపడి ఎముకగా మారతాయి. వెన్నుపాము సాగే సొరంగం ఇరుకవుతుంది, నరాలు నలుగుతాయి. మొదట కాళ్లు బరువెక్కుతాయి. చెప్పు జారిపోయినా తెలియదు. నడక బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మూత్రం మీద పట్టు తప్పుతుంది.

న్యూరోసర్జన్, హైదరాబాద్ నిమ్స్ మాజీ డైరెక్టర్ డి. రాజారెడ్డి ఈ విషయాన్ని ఎన్నో ఏళ్లు అధ్యయనం చేశారు. ఫ్లోరోసిస్ తెచ్చే నరాల సమస్యల మీద ఆయన రాసినవి వైద్య సాహిత్యంలో ముఖ్యమైనవి. ఈ రోగులకు శస్త్రచికిత్స తేలిక కాదు. ఎముక రాయిలా గట్టిపడి ఉంటుంది, దాని కింద వెన్నుపాముకు కదిలే చోటు కూడా మిగలదు. నరాలు పూర్తిగా చెడిపోయాక ఎంత మంచి ఆపరేషన్ చేసినా పోయిన నడక తిరిగి రాకపోవచ్చు.

అంటే ఈ జబ్బులో రోగి భవిష్యత్తు తేలేది పెద్ద నగరం ఆపరేషన్ థియేటర్‌లో కాదు, కనిగిరిలోనో కొనకనమిట్లలోనో మొదట చూసిన డాక్టరు దగ్గర. నడుంనొప్పి అని వచ్చిన యాభై ఏళ్ల మనిషిని ఒకసారి నడిపించి చూడాలి. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూడాలి. అరికాలి మీద గీసి బొటనవేలు ఎటు కదులుతుందో గమనించాలి. ఇందుకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు, అయిదు నిమిషాలు, తగిన శిక్షణ చాలు. ఆ శిక్షణ వైద్య కళాశాల నుంచి రావాలి. అనుమానం వచ్చిన రోగి పేరు చెప్పగానే అవతల స్పందించే న్యూరాలజీ విభాగం ఉండాలి. ఈ రెండూ లేకపోతే నొప్పి బిళ్లలతోనే ఏళ్లు గడిచిపోతాయి.

మూడు జిల్లాల కొసలు

పశ్చిమ ప్రకాశానికి వైద్యం ఎందుకు దూరమైందో చరిత్ర చెబుతుంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం పంతులు పేరు దానికి 1972లో వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చాయి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి వచ్చాయి. మూడు జిల్లాల చివరి తాలూకాలు కలిసి ఒక జిల్లా అయ్యాయి. కొస ప్రాంతాలకు కొసనే మిగిలేవి చాలా ఉంటాయి. అందులో స్పెషలిస్టు వైద్యం ఒకటి.

పెద్ద జబ్బుకు ఎటు వెళ్లాలన్న అలవాటు కూడా అలాగే చీలిపోయింది. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. మార్కాపురం, కంభం వాళ్లు రైలెక్కి గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) వెళ్లడం తరాల నాటి మాట. ఆ కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు జింకానా సంఘం ద్వారా తమ ఆసుపత్రికి అండగా నిలిచారు. పొదిల ప్రసాద్ మిలీనియం బ్లాక్ దానికి సాక్ష్యం. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల వైపు వాళ్లకు నల్లమల ఘాట్ దిగితే నంద్యాల, ఆపైన కర్నూలు. నంద్యాలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. చాలాకాలం తన జిల్లా కేంద్రంగా ఉన్న ఒంగోలు కంటే అడవి అవతలి బోధనాసుపత్రే గిద్దలూరుకు ఇప్పుడు దగ్గర. రోగం జిల్లా సరిహద్దు చూసి రాదు కాబట్టి సహకారం కూడా సరిహద్దు దగ్గర ఆగకూడదు.

నిమిషానికి పంతొమ్మిది లక్షలు

మెదడుకు రక్తం తెచ్చే పెద్ద నాళం పూడుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు లెక్కకట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ పక్షవాతానికి పనిచేస్తుందని 1995లో రుజువైంది. అప్పుడు గడువు మూడు గంటలు. 2008 నాటి అధ్యయనంతో అది నాలుగున్నర గంటలకు పెరిగింది. సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి 2015 తర్వాత నిలదొక్కుకుంది. ఎంపిక చేసిన రోగులకు 24 గంటల లోపు కూడా అది ఉపయోగపడుతుంది.

ఈ గడువును మన దారుల మీద పెట్టి చూడండి. పుల్లలచెరువు తండాలోనో, అర్ధవీడు అడవి అంచునో తెల్లవారుజామున ఒక మనిషికి మూతి వంకర పోయిందనుకుందాం. పసరు పోయించాలా, పావురం రక్తంతో మర్దన చేయించాలా అన్న చర్చలోనే గంట పోతుంది. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కిస్తాడు, ఇంకో గంట. ఆటోలో దగ్గరి ఆసుపత్రికి వెళితే వాళ్లు పెద్దాసుపత్రికి రాసిస్తారు. మార్కాపురం నుంచి ఒంగోలు సుమారు వంద కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి నూట యాభైకి దగ్గర. ఒంగోలు చేరేసరికి ఇంజెక్షన్ గడువు దాటిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒకరు మంచం పడతారు, ఇంకొకరు కూలి మానుకుని వాళ్లను చూసుకోవాలి.

ఇందులో వైద్యపరంగా ఒక చిక్కుంది. పక్షవాతం రెండు రకాలు: నాళం పూడటం, నాళం చిట్లడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిదానికి ప్రాణం పోసే ఇంజెక్షనే రెండోదానికి ప్రాణాంతకం. తేడా తెలియాలంటే సీటీ స్కాన్ తీయాలి, దాన్ని చదవగలిగిన మనిషి ఉండాలి. ఆ మనిషి పక్క గదిలోనే ఉండనక్కర్లేదు. చిత్రం ఫోన్‌లో అందితే చాలు.

పొరుగువారు చేసి చూపించారు

హిమాచల్‌ప్రదేశ్ కొండల్లో దారులు మన ఘాట్ రోడ్డు కంటే కష్టమైనవి. అక్కడి ప్రభుత్వం 2014లో ఒక ఏర్పాటు చేసింది. సీటీ స్కాన్ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో న్యూరాలజిస్టులు లేరు, మామూలు ఫిజీషియన్లే ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చారు. రోగి రాగానే స్కాన్ చిత్రాలు స్మార్ట్‌ఫోన్‌లో షిమ్లా, టాండా వైద్య కళాశాలల న్యూరాలజిస్టులకు వెళ్లేవి. వాళ్లు చూసి సరేనంటే ఇంజెక్షన్ అక్కడికక్కడే పడేది. మందును ప్రభుత్వం ఉచితంగా సరఫరా చేసింది. అస్సాంలో డిబ్రూగఢ్‌లోని అస్సాం వైద్య కళాశాలను కేంద్రంగా చేసుకుని భారత వైద్య పరిశోధనా మండలి సీటీ స్కాన్ బిగించిన స్ట్రోక్ అంబులెన్సును రోగి దగ్గరికే పంపింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కర్ణాటకలో ఉంది. బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్‌హాన్స్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2022 జనవరిలో కర్ణాటక బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్ ప్రారంభించాయి. మొదట ఎంచుకున్న ప్రాంతాల్లో కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ వేలల్లో ఉంటాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు తలనొప్పి, మూర్ఛ, పక్షవాతం, మతిమరుపు గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. జిల్లా ఆసుపత్రిలో మెదడు ఆరోగ్య క్లినిక్ పెట్టారు. క్లిష్టమైన కేసు వస్తే నిమ్‌హాన్స్ పలుకుతుంది. తర్వాత ఈ ఏర్పాటు ఇతర జిల్లాలకూ విస్తరించింది. అంతకు దశాబ్దాల ముందే నిమ్‌హాన్స్ వైద్యులు మన హిందూపురం పక్కనున్న గౌరీబిదనూరుకు నెలకోసారి వెళ్లి మూర్ఛ రోగులను చూసి మందులిచ్చేవారు. పెద్ద సంస్థ ఊరికి రావచ్చని, వచ్చి నిలవచ్చని అక్కడ రుజువైంది.

మూర్ఛ: చవకైన మందు, ఖరీదైన మౌనం

పక్షవాతంలో గంటలు లెక్క. మూర్ఛలో ఏళ్లు లెక్క. సరైన నిర్ధారణ, సరైన మందు అందితే మూర్ఛ రోగుల్లో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫినోబార్బిటాల్ లాంటి పాత మందులు చాలా చవక. అయినా పల్లెల్లో వైద్యం మధ్యలోనే ఆగిపోతుంది. రెండు నెలలు ఫిట్స్ రాకపోతే నయమైందని బిళ్లలు మానేస్తారు. ఆడపిల్లకైతే పెళ్లి సంబంధాలు చెడతాయని ఆసుపత్రి చీటీ కూడా దాచేస్తారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను వివాహ రద్దుకు కారణంగా చూపే మాటను 1999లో తొలగించారు. చట్టం మారి పాతికేళ్లు దాటింది. ఇళ్లలో భయం ఇంకా పోలేదు.

ఇక్కడ స్థానిక డాక్టరుకు నిపుణుడి తోడు ఎందుకు కావాలో ఒక్క విషయం చాలు. వాల్‌ప్రోయేట్ మూర్ఛకు బాగా పనిచేసే మందు. గర్భంలోని బిడ్డకు అదే హాని చేస్తుంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి మందు ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి, ఫోలిక్ ఆమ్లం ఎంత ఇవ్వాలి అన్నవి అప్పటికప్పుడు తేల్చాల్సిన ప్రశ్నలు. బేస్తవారిపేట డాక్టరు వీడియోలో ఒక ఆచార్యుణ్ని అడగగలిగితే ఆ అమ్మాయి వంద కిలోమీటర్లు ప్రయాణం చేయనక్కర్లేదు. మందులు తనంతట తానే మానేసే ప్రమాదమూ ఉండదు.

మూర్ఛకే కాదు, వేగంగా ముదిరే నరాల జబ్బులకూ ఇలాంటి తోడే కావాలి. 2025 ఫిబ్రవరిలో గులియన్ బారీ సిండ్రోమ్ పేరు రాష్ట్రమంతా వినిపించింది. పశ్చిమ ప్రకాశానికి చెందిన ఒక మహిళ ఆ జబ్బుతో గుంటూరు జీజీహెచ్‌లో చికిత్స పొందుతూ మరణించారు. కాళ్లలో మొదలైన నిస్సత్తువ పైకి పాకి ఊపిరి కండరాలను పట్టే జబ్బు అది. ముందే గుర్తించి ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తే, అవసరమైతే వెంటిలేటర్ అందిస్తే ఎక్కువమంది కోలుకుంటారు. రాత్రిపూట కట్లపాము కాటు పడినప్పుడు కూడా ఇంతే. కాటు గుర్తు కనపడకపోవచ్చు, కానీ తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది. నల్లమల అంచు గూడేల్లో చెంచులకు ఈ ప్రమాదం కొత్త కాదు. వాలిన కనురెప్ప నరాల మీద విషం పనిచేస్తోందనడానికి గుర్తు అని మొదటి డాక్టరు పసిగట్టడం మీదే ఆ ప్రాణం ఆధారపడుతుంది.

మన దగ్గరున్న సాధనాలు

కొత్త పథకం కోసం ఎదురుచూడకుండానే చేయగలిగినవి ఉన్నాయి. ఈ-సంజీవని దూరవైద్యాన్ని ఆరోగ్య కేంద్రాల స్థాయిలో దేశంలో మొదట మొదలుపెట్టింది 2019 నవంబరులో ఆంధ్రప్రదేశే. తెరకు అటు డాక్టరు, ఇటు రోగి అనే అలవాటు మనకు కొత్త కాదు. ఆ తెరలో వారానికి ఒక పూట న్యూరాలజీకి కేటాయిస్తే చాలు.

గుండెపోటుకు మన రాష్ట్రంలో స్టెమీ కార్యక్రమం నడుస్తోంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, పెద్దాసుపత్రి నిపుణుడు చూస్తాడు, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఇస్తారు. పక్షవాతానికీ అదే మందు వేరే మోతాదులో పనికొస్తుంది. గుండెకు వేసిన దారి మీదనే మెదడు వైద్యాన్ని కూడా నడిపించవచ్చు. అదనంగా కావలసింది సీటీ స్కాన్, దాన్ని రాత్రీ పగలూ చదివే ఒక బృందం.

వైద్య విద్యలో వచ్చిన రెండు మార్పులు కూడా ఈ పనికి తోడవుతాయి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన 2020లో వచ్చింది. గుంటూరు, ఒంగోలు, కర్నూలు కళాశాలల్లో జనరల్ మెడిసిన్ చదివే పీజీలు మార్కాపురం ఆసుపత్రికి వంతులవారీగా వస్తే, తమ ఆచార్యులతో రోజూ మాట్లాడే యువ డాక్టర్లు ఏడాది పొడవునా ఇక్కడ ఉంటారు. ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం కూడా ఉంది. ఇంటింటికీ వెళ్లే ఆ విద్యార్థులు ఎవరికైనా ఫిట్స్ వస్తున్నాయా, బీపీ ఎంత, నడక ఎలా ఉంది అని అడిగి రాసుకుంటే ఈ ప్రాంతపు నరాల జబ్బుల చిత్రం మొదటిసారి మన కళ్ల ముందు నిలుస్తుంది. పక్షవాతానికి అతిపెద్ద కారణం అదుపు తప్పిన బీపీ. అది కనిపెట్టడానికి న్యూరాలజిస్టు అవసరం లేదు.

రాయవరం నుంచి ఏం ఆశించాలి

మార్కాపురం దగ్గర రాయవరంలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021 మేలో శంకుస్థాపన జరిగింది. 2023లో మొదటి విడతగా అయిదు కళాశాలలు తెరుచుకున్నప్పుడు మార్కాపురం వంతు రాలేదు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మార్కాపురంతో సహా పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నిర్మించాలని నిర్ణయించింది. దాని మీద రాజకీయంగా తీవ్రమైన వాదం నడిచింది. ఎవరి వాదన ఎలా ఉన్నా ఈ ప్రాంత ప్రజలు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కళాశాల వచ్చాక దాని చుట్టూ ఉన్న ఆసుపత్రులకు అది ఏం చేస్తుంది?

వైద్య కళాశాలను సీట్ల లెక్కతో కొలవడం మనకు అలవాటైంది. ఎన్ని సీట్లు, ఎవరి కోటా, ఎంత ఫీజు అన్నవే పత్రికల్లో పతాక శీర్షికలవుతాయి. దోర్నాల నుంచి, తర్లుపాడు నుంచి, కొమరోలు నుంచి వచ్చే రోగికి అందే వైద్యం ఎంత మెరుగైందన్నది అసలైన కొలత కావాలి. ఆ బాధ్యత కాగితం మీద ఉండాలి. గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, కనిగిరి ఆసుపత్రుల నుంచి వచ్చే ప్రతి అత్యవసర ఫోన్‌కు జవాబు చెప్పే నంబరు ఉండాలి. పంపిన రోగికి ఏమైందో పంపిన డాక్టరుకు తిరిగి తెలపాలి. ఆ జవాబు వల్లనే చిన్న ఆసుపత్రి డాక్టరు నేర్చుకుంటాడు, మరుసటి రోగిని ఇంకా బాగా చూస్తాడు. యాజమాన్యం ఏ పద్ధతిలో ఉన్నా ఈ షరతులను ఒప్పందంలో రాయించుకోవాలి.

వెలిగొండ ప్రాజెక్టును కూడా ఈ లెక్కలో చేర్చాలి. శ్రీశైలం వరద నీటిని నల్లమల కింది సొరంగాల గుండా ఈ మెట్ట నేలకు తెచ్చే పథకం అది. 1996లో శంకుస్థాపన జరిగింది, సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. ఆ నీళ్లు కాలువల ద్వారా ప్రతి ఊరి ట్యాంకుకూ చేరితే ఫ్లోరైడ్ బోర్ల అవసరం తగ్గుతుంది. రేపటి పిల్లల వెన్నుపాముకు అంతకు మించిన వైద్యం లేదు.

ఇంట్లో తెలిసి ఉండాల్సినవి

పక్షవాతం గుర్తులు: నిలకడ తప్పడం, చూపు మసకబారడం, మూతి ఒక పక్కకు లాగడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం. ఇవి హఠాత్తుగా వస్తే గడియారం చూసి సమయం గుర్తుంచుకోండి. వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. నోట్లో నీళ్లు, మందులు పోయకండి. గుర్తులు కాసేపట్లో తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అది పెద్ద దెబ్బకు ముందస్తు హెచ్చరిక కావచ్చు.

ఫిట్స్ వస్తే: మనిషిని పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. దగ్గర్లో ఉన్న పదునైన వస్తువులు తీసేయండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108 పిలవండి. డాక్టరు చెప్పకుండా మందు ఒక్క రోజు కూడా మానకండి.

ఒక రోజుతో మొదలుపెట్టవచ్చు

మూర్ఛ తదితర నరాల జబ్బులపై ప్రపంచ ఆరోగ్య సభ 2022 మేలో ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. 2031 దాకా సాగే ఆ ప్రణాళిక, మెదడు వైద్యాన్ని ప్రాథమిక వైద్యంలో భాగం చేయమని దేశాలను కోరుతోంది. అంత పెద్ద మాటను మార్కాపురంలో అమలు చేయడానికి చాలా చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. వారంలో ఒక రోజు మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రిలో, మరో రోజు గిద్దలూరులో నరాల క్లినిక్ నడపాలి. నెలకోసారి బోధనాసుపత్రి నుంచి న్యూరాలజిస్టు స్వయంగా రావాలి, మిగతా వారాలు తెర మీద కనిపించాలి. ప్రతి మూర్ఛ రోగికి, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ప్రతి మనిషికి ఒక రిజిస్టరులో పేరుండాలి. రానివాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి అడగాలి. పక్షవాతం తర్వాత మొదటి నెలల్లో చేయించే వ్యాయామం చాలా విలువైనది కాబట్టి ఫిజియోథెరపిస్టు అక్కడ తప్పనిసరిగా ఉండాలి.

ఇందుకు భవనం కావాలని ఆగనక్కర్లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు, గుంటూరు, ఒంగోలు, నంద్యాల, కర్నూలు బోధనాసుపత్రుల మధ్య ఒక ఒప్పందం, శిక్షణ పొందిన కొందరు డాక్టర్లు, నర్సులు ఉంటే వచ్చే నెలలోనే మొదలవుతుంది. ఎమ్మెల్యేలను, జిల్లా అధికారులను, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సభ్యులను ఈ ఒక్క రోజు కోసం అడుగుదాం. అది మొదలైన వారం నుంచే, ఇంతకాలం రైలు టిక్కెట్టుకు, కారు బాడుగకు పోయిన డబ్బు మందుకూ తిండికీ మిగులుతుంది. ఇంతకాలం దారిలో గడిచిపోయిన గంటలు వైద్యానికి అందుతాయి.